చాదస్తమని వదిలేసిన జబ్బు

1901 నవంబరు 25న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ పిచ్చాసుపత్రిలో ఆగస్టె డెటర్ అనే ఇల్లాలు చేరింది. వయసు 51. భర్త రైల్వే గుమాస్తా. ఇంట్లో మొట్టమొదట బయటపడింది భర్త మీద అనుమానం. మతిమరుపు ఆ తర్వాత ముదిరింది. వస్తువులు ఎక్కడెక్కడో దాచేది, దుప్పట్లు ఈడ్చుకుంటూ ఇల్లంతా తిరిగేది, ఎవరో తనను చంపడానికి వస్తున్నారని కేకలు పెట్టేది.

మర్నాడు అలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు ఆమె ఎదురుగా కూర్చున్నాడు. పేరేమిటని అడిగితే ఆగస్టె అంది. ఇంటిపేరు అడిగినా ఆగస్టె అనే అంది. భర్త పేరుకూ అదే జవాబు. పంది మాంసం, కాలీఫ్లవర్ తింటూ, ఏం తింటున్నావంటే పాలకూర అంది. ప్రశ్నా జవాబూ ఒక్కటీ వదలకుండా ఆయన రాసుకున్నాడు. పోయిందనుకున్న ఆ కాగితాల కట్ట 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దొరికింది. ఈ జబ్బు చరిత్రలో అంతకన్నా విలువైన పత్రం లేదంటే అతిశయోక్తి కాదు. కేకలు వేసే మనిషిని కట్టిపడేసే రోజుల్లో ఒక డాక్టరు ఓపికగా కూర్చుని అడిగి, విన్నాడు.

ఆ ఆసుపత్రి అధిపతి ఎమిల్ సియోలి కూడా రోగులను కట్టేయడానికి ఒప్పుకునేవాడు కాదు. కలవరపడేవాళ్లను గోరువెచ్చని నీటి తొట్టెల్లో గంటల తరబడి కూర్చోబెట్టేవారు. మత్తుమందులూ ఇచ్చేవారు. అంతకుమించి వాళ్ల చేతిలో ఏమీ లేదు. 1906 ఏప్రిల్ 8న ఆగస్టె చనిపోయింది. మంచాన పడ్డాక వీపు పుండ్లు పడి, రక్తం విషమైంది. నవంబరులో ట్యూబింగెన్ సభలో అల్జీమర్ ఆమె మెదడులో చూసిన మార్పులను వివరించాడు. 1910లో ఆయన గురువు ఎమిల్ క్రెపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టాడు.

పేరైతే వచ్చింది, చూపు మారలేదు. మరో 40 ఏళ్లకు పైగా ఆసుపత్రుల్లో ముసలివాళ్ల పిచ్చి అంతా ఒకే గాటన ఉండిపోయింది. ఆ ముడి విప్పినవాడు ఇంగ్లండులోని మార్టిన్ రోత్. 60 దాటిన రోగులను విడివిడిగా గమనించి 1955లో ఫలితాలు ప్రచురించాడు. దిగులు జబ్బుతో వచ్చినవాళ్లలో చాలామంది కోలుకుని ఇళ్లకు వెళ్లారు. మెదడు క్షీణించినవాళ్లలో ఎక్కువమంది రెండేళ్లలోపే పోయారు. ఉన్నట్టుండి సంధి ప్రేలాపనలో పడినవాళ్లు త్వరగా తేరుకోవడమో, చనిపోవడమో జరిగింది. జ్ఞాపకం చెక్కుచెదరకుండా, ఎవరో తమను వేధిస్తున్నారని గట్టిగా నమ్మేవాళ్లు మరో రకం. వీళ్లలో ఒంటరి ఆడవాళ్లు, చెవుడు వచ్చినవాళ్లు ఎక్కువని 1961లో రోత్, డేవిడ్ కే కలిసి రాశారు.

మందుల విషయంలో దారి ఇంత తిన్నగా సాగలేదు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజిన్, 1958లో బెల్జియంలో హాలోపెరిడాల్ వచ్చాయి. పిచ్చాసుపత్రుల రూపురేఖలే మారిపోయాయి. కానీ వృద్ధుల ఆశ్రమాల్లో అవే మందులు తాళ్ల పని చేశాయి. చివరికి 1987లో అమెరికా చట్టం చేసి, సిబ్బంది సౌకర్యం కోసం రోగిని మందుతో మగతలో ఉంచకూడదని నిషేధించింది. 2005లో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ 17 పరీక్షల ఫలితాలు చూసి హెచ్చరిక జారీ చేసింది. డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, వచ్చిన వృద్ధుల్లో, సుమారు పది వారాల వ్యవధిలో, ఈ కోవలోని కొత్త తరం మందులు వాడినవారిలో 4.5 శాతం, మందు లేని ఉత్త మాత్రలు వాడినవారిలో 2.6 శాతం మంది చనిపోయారు. 2008లో పాత మందులకూ అదే హెచ్చరిక వర్తింపజేశారు. అల్జీమర్స్‌లో కలవరానికని 2023లో అనుమతి పొందిన బ్రెక్స్‌పిప్రజోల్ మీదా ఆ హెచ్చరిక ఉంది. మనిషి తనకో, ఎదుటివాళ్లకో హాని చేసే స్థితి వస్తే ఈ మందులు తప్పకపోవచ్చు. అప్పుడూ తక్కువ మోతాదులో మొదలుపెట్టి, ఎప్పుడు ఆపాలో ముందే అనుకోవాలి.

2011లో నార్వే నుంచి వచ్చిన అధ్యయనం ఎంత సాదాసీదాదో అంత గొప్పది. ఆశ్రమాల్లో డిమెన్షియాతో కలవరపడే 352 మందిని తీసుకుని, వాళ్లలో ఒక భాగానికి నొప్పి మందులు ఇచ్చి చూశారు. చాలామందికి ఇచ్చింది పారాసెటమాల్ మాత్రే. ఎనిమిది వారాల్లో వాళ్ల కలవరం సగటున 17 శాతం తగ్గింది. మోకాలి నొప్పి అని చెప్పుకోలేని మనిషి, స్నానానికి లేపబోతే కొడతాడు. మనం దాన్ని మొండితనం అనుకుంటాం.

మన దేశంలో 60 దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని ఇటీవలి అంచనా. "నా గాజులు కోడలు తీసింది" అని రోజూ గొడవపడే అత్తగారు, చనిపోయిన తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడనే తాతయ్య మన ఇళ్లలోనూ ఉన్నారు. ఇదంతా ఉన్నట్టుండి, ఒకటి రెండు రోజుల్లో మొదలైతే ఆలస్యం చేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, మూత్రం ఆగిపోవడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వాడుతున్న మందులన్నీ, జలుబు మాత్రలతో సహా, సంచిలో వేసుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెల్లగా ముదిరిన అనుమానమైతే మానసిక వైద్యుడికి చూపించండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416.