మాయను గూర్చి: మంత్రసాని చేతినుండి మందు గుళికవరకు

బిడ్డ పుట్టిన కొద్దిసేపటికి తల్లి గర్భాశయంనుండి మెత్తని పళ్ళెంవంటి అవయవం ఒకటి వెలువడుతుంది. దీనిని మాయ అనీ, మావి అనీ వ్యవహరిస్తారు. శాస్త్రపరిభాషలో దీనికి జరాయువు అని పేరు. తొమ్మిది నెలలు బిడ్డకు ఊపిరితిత్తులుగా, మూత్రపిండాలుగా, ఆహారాన్ని అందించే వంటయింటిగా పనిచేసి, పని ముగియగానే బయటపడే అవయవం శరీరంలో ఇది ఒక్కటే. ఇట్టి దానిని ఏమి చేయవలెననే ప్రశ్న మానవునికి అనాదినుండి ఉన్నది. పాతిపెట్టవలెనా? పారవేయవలెనా? మందుగా వాడవలెనా? ఈ ప్రశ్నకు కాలక్రమాన వచ్చిన సమాధానాలే మాయ చరిత్ర.

కృష్ణానది ఒడ్డున ఉన్న వేదాద్రి నరసింహక్షేత్రంనుండి జగ్గయ్యపేట, నందిగామల వైపు వ్యాపించిన మెట్టసీమ పూర్వం కృష్ణాజిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఈ ప్రాంతంలోనూ, తెలుగుదేశంలోని ఇతర పల్లెలలోనూ మాయకు సంబంధించిన ఆచారాలు రెండు కలవు. కాన్పు ఇంటిలో జరిగే రోజులలో తల్లి మాయను కుక్కలు, నక్కలు తవ్వకుండా పెరటిలో లోతుగా గొయ్యి తీసి పాతేవారు. ఇక ఆవు గాని, గేదె గాని ఈనినప్పుడు రైతు పక్కనే కాపలా ఉంటాడు. మావి పడగానే దానిని గడ్డిలో చుట్టి, ఊరిబయట మర్రిచెట్టు కొమ్మకు వేలాడగడతాడు. పాలుగారే చెట్టుకు కడితే పశువు పాలు పెరుగుతాయనీ, పశువు దానిని తింటే పాలు తగ్గుతాయనీ నమ్మకం. ఈ నమ్మకం ఎట్లున్నా, దాని వెనుక ఒక సత్యమైన పరిశీలన ఉన్నది. గడ్డి మేసే ఆవు కూడా అవకాశం దొరికితే తన మావిని తానే తింటుంది. ఒంటెలు, తిమింగలాలు వంటి కొన్నింటిని మినహాయిస్తే క్షీరదాలలో ఎక్కువభాగం ఇట్లే చేస్తాయి.

ప్రాచీన వైద్యులకు మాయ అంటే మొదట భయమే. బిడ్డ పుట్టినా మాయ పడకపోతే రక్తస్రావమై తల్లి ప్రాణానికే ముప్పు. చరకసంహిత శారీరస్థానంలో మాయను ‘అపర’ అని పేర్కొన్నారు. అది పడకపోతే కడుపును బొడ్డుకు పైభాగాన చేతితో నొక్కవలెననీ, జుట్టుకొసతో గొంతును తాకి వెలపరం పుట్టించవలెననీ అందులో చెప్పబడినది. వెలపరంవల్ల కడుపుకండరాలు బిగిసి మాయను కిందికి నెట్టుతాయి. ఈ ఉపాయం తరతరాలుగా మంత్రసానుల చేతులలో నిలిచినది. ఆ గ్రంథం మాయను వదిలించుకొనే దారినే చూపినది గాని, బాలింతకు దానిని ఆహారంగా చెప్పలేదు. మన ఇండ్లలో బాలింతకు పెట్టినది శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు బెల్లంతో, నేతితో పాకంపట్టిన కాయం.

మాయ నిర్మాణం తెలియడానికి చాలకాలం పట్టినది. ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు రియాల్డో కొలంబో 1559లో అచ్చయిన తన గ్రంథంలో దీనికి ‘ప్లాసెంటా’ అనే మాటను వాడినాడు. లాటిన్ భాషలో ఆ మాటకు బల్లపరుపు రొట్టె అని అర్థం. తల్లి రక్తమే నేరుగా బిడ్డలో ప్రవహిస్తుందని చాలమంది అనుకొనేవారు. 1754లో లండన్ నగరంలో జాన్ హంటర్ మొదలైనవారు రక్తనాళాలలోకి రంగు మైనం ఎక్కించి పరిశీలించినారు. తల్లి రక్తం, బిడ్డ రక్తం వేరువేరు దారులలో పోతాయని తేలినది. ఆయన అన్న విలియం హంటర్ 1774లో గర్భిణీగర్భాశయాన్ని గూర్చి గొప్ప చిత్రగ్రంథాన్ని వెలువరించినాడు. నెలలు నిండిన మాయ సుమారు అర కిలో బరువు, 20 సెంటీమీటర్లకు పైగా వెడల్పు ఉంటుంది. అందులోని సన్నని పొరల గుండా ప్రాణవాయువు, పోషకాలు బిడ్డవైపుకు, మలినాలు తల్లివైపుకు దాటుతాయి. గర్భాన్ని నిలిపే హార్మోనులనుకూడ మాయ తయారుచేస్తుంది.

మాయను మందుగా వాడిన దేశాలలో చైనా ముఖ్యమైనది. 1596లో అచ్చయిన లీ షిజెన్ ఔషధగ్రంథంలో మానవుని మాయ కూడ చేరినది. ఎండబెట్టి పొడిచేసిన మాయను అక్కడి వైద్యులు బలహీనులకు, వ్యాధిగ్రస్తులకు ఇచ్చేవారు. ప్రసవించిన ప్రతి తల్లీ తన మాయను తానే తినవలెనన్న నియమం మాత్రం అది కాదు. అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు మానవశాస్త్రజ్ఞులు 179 మానవసమాజాల వివరాలను వెదకి 2010లో తమ ఫలితాలను ప్రకటించినారు. తల్లి తన మాయను తినడం ఆచారంగా ఉన్న సమాజం ఒక్కటీ వారికి నిశ్చయంగా కనబడలేదు. పాతిపెట్టడం, దాచడం, నీటిలో విడవడం వంటి ఆచారాలు మాత్రం అనేకం కనిపించినవి. అనగా ఈ విషయంలో మన పెరటిగొయ్యి లోకరీతికి దగ్గరగానే ఉన్నది.

మరి ‘తల్లి తన మాయను తినడం సహజం’ అనే మాట ఎక్కడనుండి వచ్చినది? 1970వ దశకంలో అమెరికాలో కొందరు ఆసుపత్రి కాన్పును కాదని ఇంటికాన్పు వైపు మళ్ళినారు. జంతువులను చూచి, మనమూ ఇట్లే చేయవలెనని వారు తలచినారు. పచ్చిగా తినడానికి రోత కలుగుతుంది కాబట్టి, 21వ శతాబ్దం వచ్చేసరికి ఒక కొత్త పద్ధతి వ్యాపించినది. మాయను కడిగి, ఆవిరిపై ఉడికించి, పలుచగా తరిగి, ఎండబెట్టి, పొడిచేసి, గొట్టపు గుళికలలో నింపడమే ఆ పద్ధతి. దీనివల్ల రక్తం పడుతుందనీ, పాలు పెరుగుతాయనీ, కాన్పు తరువాత వచ్చే దిగులు పోతుందనీ ప్రచారం జరిగినది.

ఈ మాటను పరీక్షించవచ్చును. రక్తం పట్టడానికి ఇనుము కావలెను. నెవాడా పరిశోధకులే 23 మంది తల్లులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మాయ గుళికలు, రెండవ జట్టుకు అట్లే కనిపించే ఉత్తగుళికలు ఇచ్చినారు. ఎవరు ఏవి పుచ్చుకొన్నారో పరీక్ష ముగిసేవరకు ఎవరికీ తెలియనీయలేదు. రెండు జట్ల తల్లుల రక్తంలోని ఇనుము స్థితిలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కారణం లెక్కలోనే ఉన్నది. మాయ పొడి గ్రాముకు సుమారు 0.66 మిల్లీగ్రాముల ఇనుము మాత్రమే ఉన్నది. రోజుకు 3.3 గ్రాముల పొడి మింగినా వచ్చేది రెండు మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ. మన ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాలలో బాలింతలకు ఇచ్చే ఒక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది.

ఇంతేగాక ప్రమాదం కూడ లేకపోలేదు. 2016లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒక పసికందు రక్తానికి బి-వర్గపు స్ట్రెప్టొకాకస్ సూక్ష్మజీవి సోకినది. చికిత్సతో నయమైన కొద్దిరోజులకే అదే జబ్బు తిరుగబెట్టినది. తల్లి పుచ్చుకొంటున్న మాయ గుళికలను పరీక్షించగా అదే సూక్ష్మజీవి వాటిలో బయటపడినది. ఆ దేశపు వ్యాధినియంత్రణ కేంద్రం 2017 జూన్‌లో ఈ సంగతిని ప్రకటించి, మాయ గుళికలను మానవలెనని సలహా ఇచ్చినది.

బాలింతకు బలం నిజంగా తెచ్చిన దారి వేరు, అందులో తెలుగువారికీ భాగమున్నది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, నూలుమిల్లులలో పనిచేసే గర్భిణులకు వచ్చే ప్రాణాంతకమైన రక్తహీనతను పరిశీలించినది. ఈస్టు సారం ఇస్తే ఆ వ్యాధి కుదురుతున్నదని 1931లో ప్రకటించినది. ఆ సారంలో దాగిన పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తెలిసినది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసినారు. నేడు గర్భిణికి, బాలింతకు ఇచ్చే ఇనుము మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లం కూడ కలిసి ఉన్నది. మన దేశంలో రక్తహీనతను నివారించే జాతీయ పథకం 1970లో మొదలైనది. 2018లో ఆరంభమైన ‘ఎనీమియా ముక్త్ భారత్’ ప్రకారం కాన్పు తరువాత 180 రోజులు రోజుకొక మాత్ర వేసుకోవలెను. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలనుబట్టి ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తం తక్కువే. మందు దొరకకపోవడం ఒక కొరత. దొరికిన మందును పూర్తిగా వాడకపోవడం మరొక కొరత.

నేడు కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రులలోనే జరుగుతున్నవి. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం మాయ పసుపుపచ్చ సంచిలో పడి, దహనానికి గాని లోతైన గోతికి గాని పోతుంది. అయితే మాయ పూర్తిగా వ్యర్థం కాదు. దానిని అంటి ఉండే ఉమ్మపొర కంటిగాయాలను మాన్పడానికి పనికివస్తుంది. హైదరాబాదులో 1987లో స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో, సున్నం, ఆమ్లాలు పడి చూపు పోయినవారికొరకు 2001నుండి ఈ పొరపైనే కంటి మూలకణాలను పెంచి అతికించినారు. దాతయైన తల్లి రక్తాన్ని అంటువ్యాధులకై పరీక్షించి, పొరను శుద్ధిచేసి, ఫలితాన్ని రోగి రోగికీ కొలిచి చూచిన తరువాతనే ఈ చికిత్స నిలబడినది.

ఒకే పదార్థం ఒకచోట మందు కాలేకపోయినది, మరొకచోట మందైనది. రెండింటికీ తేడా తెచ్చినది పరీక్ష. ‘ఆవు తింటుంది కదా, చైనావారు వాడినారు కదా’ అనే మాటకు విద్యార్థి అడుగవలసిన ప్రశ్నలు రెండు: అందులో ఏమున్నది? ఎంత ఉన్నది? ఈ లెక్క తెలిసిన ఇంటిలో బాలింతకు కాయంతోపాటు రోజుకొక ఇనుము మాత్ర కూడ అందుతుంది.