మామూలు: ఒక మాట పూర్వోత్తరాలు

మన నాందేడ్‌లో మరాఠీవారి 'లాచ్', మన 'లంచం' ఒక తల్లి బిడ్డలే. సంస్కృతంలోని 'లంచా' వాటికి మూలం. కానీ ఆ మాట అనడానికి నోరు జంకుతుంది. 'మామూలు' అంటాం.

ఇది అరబ్బీ మాట. 'అమల్' అంటే పని. 'మామూల్' అంటే ఎప్పుడూ జరిగేది, వాడుక. మామలేదారు గారూ ఆ ధాతువులోంచే వచ్చారు, చూడండి! 1956 దాకా మన జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోది. నిజాం కాలపు ఉర్దూ కచేరీల మాటలెన్నో మన ఇళ్లలో నిలిచిపోయాయి.

ఫ్రెంచివారూ అంతే. లంచాన్ని వారు 'పో ద వాఁ' అంటారు, అంటే ద్రాక్షసారా కుండ. బేరం కుదిరాక పోసే సారా క్రమంగా సొమ్మయింది. తీపి అని అర్థమిచ్చే వారి 'దూసర్'ను ఇంగ్లీషువారు అరువు తెచ్చుకుని లంచానికి మర్యాదపేరు చేశారు. మన చాయ్‌పానీకి ఇవన్నీ దూరపు చుట్టాలు. అయితే సారా, తీపి, చాయ్ పేరుకైనా ఇష్టంతో ఇచ్చేవి. మామూలు అలా కాదు. అది బాకీలా అడుగుతుంది.

1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. ఇప్పుడు ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే వారికి శిక్ష లేదు. మహారాష్ట్రలో ఆ ఫిర్యాదు తీసుకునే శాఖ పేరు 'లాచ్‌లుచ్‌పత్ ప్రతిబంధక్ విభాగ్'. ఆ బోర్డు మీద మామూలు అన్న మాట లేదు.