వారసత్వపు ఇల్లు: పంపకం, ప్రొబేట్, విక్రయం (తిరువూరు ప్రాంతం)

యజమాని కాలం చేశాక ఇల్లు వారసులకు సంక్రమించి, వారి సంతకాలతో మరొకరి పరమయ్యే పద్ధతి చరిత్ర ఇది. వీలునామా నిజమైనదేనని కోర్టు ధ్రువీకరించి ఇచ్చే ఉత్తర్వును ప్రొబేట్ అంటారు. ఎన్టీఆర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న తిరువూరు వంటి ఊళ్లలో హిందువుల ఇళ్లు చేతులు మారడానికి ప్రొబేట్ ఏనాడూ తప్పనిసరి కాలేదు. ఇక్కడ వారసులందరి సంతకాలే ప్రధానం. ఆ సంతకాల్లో ఆడపిల్లల సంతకం ఎప్పుడు చేరిందన్నదే ఈ చరిత్రలో కీలకాంశం. ముస్లింలకు షరియత్, క్రైస్తవులకు భారత వారసత్వ చట్టం వర్తిస్తాయి.

పూర్వచరిత్ర

తెలుగునాట పూర్వార్జితానికి ఆధారం విజ్ఞానేశ్వరుడు రాసిన ధర్మశాస్త్ర వ్యాఖ్య మితాక్షర. 13వ శతాబ్దంలో తిక్కన శిష్యుడు కేతన దాన్ని ‘విజ్ఞానేశ్వరము’ పేరుతో తెనిగించాడు. పుట్టుకతోనే కొడుక్కి హక్కు, కూతురికి పెళ్లినాటి పసుపు కుంకుమలు అన్న పద్ధతి ఆ తరువాతి శతాబ్దాలన్నిటా సాగింది.

ఈస్టిండియా కంపెనీ, బ్రిటిష్ కాలం

తిరువూరు అప్పట్లో కృష్ణా జిల్లాలోని జమీందారీ తాలూకా. పొరుగున ఉన్న నూజివీడు జమీందారీని అన్నదమ్ములు పంచుకోవచ్చా అన్న తగవు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. పంచదగినదేనని తీర్పు వచ్చింది.

ప్రొబేట్‌ను తప్పనిసరి చేసిన 1870 నాటి హిందూ వీలునామాల చట్టం మద్రాసు రాజధానిలో ఒక్క మద్రాసు నగరానికే వర్తించింది. 1925 నాటి భారత వారసత్వ చట్టం కూడా ఈ తేడాను నిలిపింది. మద్రాసులో ఇల్లున్న తెలుగువారి వారసులు ప్రొబేట్ కోసం హైకోర్టుకు వెళ్లేవారు, తిరువూరులో ఇల్లున్నవారికి ఆ అవసరం ఉండేది కాదు. 1927 జనవరి 1 నుంచి మాత్రం జిల్లాల్లోని హిందువుల వీలునామాకు కూడా రాత, ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి అయ్యాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వీలునామా రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. వీలునామాపై తగవు వస్తే, బతికి ఉన్న సాక్షుల్లో కనీసం ఒకరిని కోర్టులో విచారించాల్సిందే.

1956 చట్టం, ఇంటికి మినహాయింపు

1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమలులోకి వచ్చింది. వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో తల్లికి, భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు దక్కాయి. అయితే 23వ సెక్షన్ ఇంటిని విడిగా చూసింది. కుటుంబం నివసిస్తున్న ఇంట్లో మగ వారసులు పంచుకోదలచేదాకా ఆడపిల్ల తన వాటా పంచమని అడగరాదు. అవివాహితలు, వితంతువులు, భర్త వదిలేసినవారు, భర్తతో విడిపోయినవారు ఆ ఇంట్లో ఉండవచ్చు, అంతే.

1985 సవరణ

నందమూరి తారక రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ (1986లో 13వ చట్టం) 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. చట్టంలో 29-ఏ సెక్షన్ చేరి, ఉమ్మడి ఆస్తిలో కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో హక్కుదారు అయింది. కేరళ 1976లో ఉమ్మడి కుటుంబాన్నే రద్దు చేయగా, ఆంధ్రప్రదేశ్ దాన్ని ఉంచుతూనే అందులో కూతురికి చోటిచ్చింది. దేశానికి దారి చూపిన గొప్ప సంస్కరణ ఇది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు, అప్పటికే జరిగిన పంపకాలకు ఇది వర్తించలేదు. అందువల్ల ఒకే ఇంట్లో 1984లో పెళ్లయిన అక్కకు లేని హక్కు 1986లో పెళ్లయిన చెల్లెలికి దక్కింది.

2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఆ తేడాను తొలగించింది, 23వ సెక్షన్‌ను ఎత్తివేసింది. ఆనాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అమ్మకం

మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు కొనేవారు ముందుగా అడిగే కాగితాలు. బ్యాంకు డబ్బుకు పనికొచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ ఇంటికి చాలదు. వారసులంతా కలిసి అమ్మవచ్చు, లేదా పంపక దస్తావేజు, హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించుకొని ఒకరి పేరు మీదికి తెచ్చుకోవచ్చు. విదేశాల్లో ఉన్న కొడుకో కూతురో భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపుతారు.

ఒక వారసుడు తన వాటా అమ్మదలిస్తే తండ్రికి తనలాగే మొదటి తరగతి వారసులైన తోడబుట్టినవారికి హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ కింద కొనుక్కునే ప్రాధాన్యం ఉంది. బయటివాడు పంచని వాటా కొన్నా కుటుంబంతో కలిసి ఆ ఇంట్లో ఉండే హక్కు అతనికి రాదు. 1893 నాటి విభజన చట్టం ఆ వాటాను కుటుంబమే తిరిగి కొనుక్కునే వీలు కూడా కల్పించింది. తరాల ఇంటిని కాపాడే మంచి నిబంధనలివి.

ఇటీవలి కాలం

గ్రామకంఠంలోని పాత ఇళ్లకు దస్తావేజులు లేకపోవడం చిరకాల సమస్య. దాన్ని కూడా తీర్చాలని తలపెట్టిన భూముల రీసర్వే 2020 డిసెంబరు 21న ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలోని జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైంది. ఇక మద్రాసు వంటి నగరాలకు ప్రొబేట్ తప్పనిసరి చేసిన, భారత వారసత్వ చట్టంలోని 213వ సెక్షన్‌ను 2025 డిసెంబరులో పార్లమెంటు తొలగించింది. మద్రాసు ఇంటికీ తిరువూరు ఇంటికీ 1870 నుంచి ఉన్న తేడా దానితో పోయింది.