జ్వాలాపురం: బూడిదకు కింద, బూడిదకు పైన

నంద్యాల జిల్లా బనగానపల్లె ప్రాంతంలో, జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం ఉంది. ఊరి పరిసరాల్లో తవ్విన గోతుల అంచులు చూస్తే, కింద ఎర్రమట్టి, పైన ఎర్రమట్టి, నడుమ తెల్లగా బూడిద పొర కనిపిస్తుంది. కొన్నిచోట్ల ఆ పొర మందం రెండున్నర మీటర్లు. వేళ్ళ మధ్య నలిపితే పిండిలా రాలిపోతుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే మాత్రం అది పిండి కాదు, అంచులు పదునైన గాజు తునకలు. శుభ్రపరిచే పొడుల్లో కలపడానికి స్థానికులు చాలాకాలంగా ఈ బూడిదను తవ్వి అమ్ముకున్నారు. ఆ తవ్వకాలే పొరలను పరిశోధకుల కంటికి చూపించాయి. ఆ తవ్వకాలే వాటిని కొంత మాయం చేశాయి కూడా.

ఈ బూడిద పుట్టింది కర్నూలు సీమలో కాదు. సుమారు 74 వేల ఏళ్ళ క్రితం సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైంది. గత 20 లక్షల ఏళ్ళలో అంతటి విస్ఫోటనం మరొకటి లేదు. అది మిగిల్చిన గోతిలోనే ఇప్పుడు 100 కిలోమీటర్ల పొడవున టోబా సరస్సు ఉంది. ఆకాశానికి ఎగసిన బూడిద బంగాళాఖాతం దాటి భారత ఉపఖండమంతా రాలింది. నేరుగా పడింది కొన్ని సెంటీమీటర్లే అయి ఉంటుంది. చుట్టుపక్కల మిట్టల మీద పడినదాన్ని వానలు కడిగి పల్లానికి చేర్చడంతో జుర్రేరు లోయలో అంత మందాన పేరుకుంది. బూడిదలోని గాజు తునకల రసాయన కూర్పు టోబా బూడిదతో సరిపోవడంతో దాని పుట్టుక తేలింది.

పురాతత్వవేత్తకు ఇంతకన్నా మంచి కాలరేఖ దొరకదు. బూడిద కింద దొరికినది విస్ఫోటనానికి ముందుది, పైన దొరికినది తర్వాతది. ఇసుక రేణువు చివరిసారి ఎండ తగిలి ఎంతకాలమైందో కొలిచే పద్ధతితో, బూడిదకు దిగువ, ఎగువ మట్టి పొరల వయసు కూడా లెక్కగట్టారు. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరుల బృందం ఇక్కడ తవ్వి, 2007లో ఫలితాలు ప్రకటించింది. రెండు వైపులా రాతి పనిముట్లు దొరికాయి. సున్నపురాయి, చెర్ట్, పలుగురాయి వంటివాటిని చెక్కి చేసినవి. పైవాటికీ కిందివాటికీ పెద్ద తేడా లేదు. బూడిద కింద దొరికిన ఒక జేగురురాయి ముక్కపై అరగదీసిన గీతలున్నాయి; రంగు కోసం ఎవరో దాన్ని రుద్ది ఉంటారు.

టోబా తర్వాత ఏళ్ళ తరబడి చలి కమ్మి, ప్రపంచ జనాభా కొన్ని వేలకు పడిపోయిందన్న వాదం 1990లలో బాగా ప్రచారమైంది. జ్వాలాపురం రాళ్ళు ఆ వాదానికి గట్టి ఎదురుదెబ్బే. బూడిద కురిసిన చోటే మనుషులు మళ్ళీ అదే తరహా పనిముట్లు చెక్కుకుంటుంటే, వంశాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయని ఎలా అనడం? మధ్య భారతంలో అడవులు తగ్గి గడ్డిమైదానాలు పెరిగాయని మరో వర్గం చూపించింది. కష్టకాలం వచ్చి ఉండొచ్చు; కష్టం వేరు, నిర్మూలన వేరు.

అసలు తగాదా మరో చోట ఉంది. ఆ పనిముట్లు చేసిందెవరు? ఆఫ్రికా మధ్య శిలాయుగపు చెక్కడపు తీరుతో పోలికలున్నాయి గనుక ఆధునిక మానవులేనని పెట్రాగ్లియా వర్గం అంటుంది. ఆధునిక మానవులు టోబా తర్వాతే, 60–50 వేల ఏళ్ళ క్రితం, సూక్ష్మ శిలాపరికరాలతో ఇక్కడికి వచ్చారని పాల్ మెల్లార్స్ బృందం 2013లో వాదించింది. మధ్యప్రదేశ్‌లో సోన్ నది లోయలోని ధాబా తవ్వకాల ఫలితాలు 2020లో వెలువడ్డాయి. అక్కడ 80 వేల నుంచి 65 వేల ఏళ్ళ మధ్య ఒకే తరహా రాతిపని సాగినట్టు తేలడంతో మొదటి వాదానికి బలం వచ్చింది.

జ్వాలాపురం చుట్టుపక్కల ప్రాంతపు ప్రాచీనతపై ఆసక్తి కొత్తదేమీ కాదు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాత రాతియుగపు పనిముట్టును గుర్తించిన రాబర్ట్ బ్రూస్ ఫూట్, 1880లలో బేతంచెర్ల దగ్గరి బిలసుర్గం గుహల్లో తవ్వించి, ఎన్నో జంతువుల శిలాజాలు వెలికి తీయించాడు.

జ్వాలాపురం దగ్గరే ఒక రాతి చరియ కింద 35 వేల ఏళ్ళ నాటి నుంచి వరుసగా సూక్ష్మ పరికరాలు, పూసలు బయటపడ్డాయి. మనిషి పుర్రె తునకలు దొరికింది కూడా అక్కడే, అయితే అవి మరింత తర్వాతి పొరల్లోనివి. 74 వేల ఏళ్ళ నాటి బూడిదకు కిందా పైనా ఉన్న పొరల్లో మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు. అందుకే ఆ మనుషులెవరన్న వాదన అంతా రాళ్ళు చెక్కిన తీరు మీదే నడుస్తోంది.