గచ్చిబౌలి దారిలో రూబీ

మాదాపూర్‌లో 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి, జపాన్‌లో యుకిహిరో మాట్సుమోటో రాసిన రూబీ ప్రోగ్రామింగ్ భాష బయటికొచ్చి మూడేళ్లు కావస్తోంది. అప్పట్లో హైదరాబాద్ కుర్రాళ్లకు దానితో పనిపడలేదు. 2000 సంవత్సరం వచ్చేలోగా పాత కోబాల్ ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడమే పెద్ద గిరాకీ. ఆ తర్వాత జావా, డాట్‌నెట్, ఒరాకిల్, శాప్. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఏ శిక్షణా సంస్థ బోర్డు చూసినా ఆ పేర్లే. అప్పుచేసి ఫీజు కట్టినవాడికి ఉద్యోగం రావాలి కదా, కంపెనీలు అడిగిందే కోర్సయ్యేది.

గచ్చిబౌలి రూపం కూడా ఆ ఏళ్లలోనే మారింది. 1974లో వచ్చిన సెంట్రల్ యూనివర్సిటీకి 1998లో ట్రిపుల్ ఐటీ పొరుగైంది. 2002 జాతీయ క్రీడల కోసం స్టేడియం లేచింది. ఇన్ఫోసిస్, మైక్రోసాఫ్ట్ క్యాంపస్‌లు వెలిశాయి.

2004 జూలైలో డెన్మార్క్ ప్రోగ్రామర్ డేవిడ్ హైన్‌మెయర్ హాన్సన్ బేస్‌క్యాంప్ అనే ప్రాజెక్టు నిర్వహణ సాఫ్ట్‌వేర్ కోసం తాను చేసిన పనిలోంచి విడదీసి, రూబీతో వెబ్ అప్లికేషన్లు కట్టే రూబీ ఆన్ రెయిల్స్ అనే ఫ్రేమ్‌వర్క్‌ను విడుదల చేశాడు. దీనిలో, డేటాబేస్‌లో ‘బుక్స్’ అనే టేబుల్ ఉంటే, ‘బుక్’ అనే క్లాస్ రాస్తే చాలు, రెండూ వాటంతటవే కలుస్తాయి. పేజీల కొద్దీ కాన్ఫిగరేషన్ ఫైళ్లు రాసి అలసిపోయిన వాళ్లకు ఇది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. షాపిఫై, ట్విటర్, గిట్‌హబ్ మొదలైంది దీనిమీదే. మన పక్కన చెన్నైలో 2010లో పుట్టిన ఫ్రెష్‌డెస్క్ కూడా అంతే. ఆ కంపెనీయే ఫ్రెష్‌వర్క్స్‌గా పెరిగి 2021లో నాస్‌డాక్‌కెక్కింది.

అయితే వందల మందిని ఒకే ప్రాజెక్టు మీద కూర్చోబెట్టే సర్వీస్ కంపెనీలకు రెయిల్స్ పెద్దగా అతకలేదు. అయిదారుగురున్న జట్టుకు సరిపోయే పనిముట్టు అది. 2015 నవంబర్‌లో ట్రిపుల్ ఐటీ ఆవరణలోనే స్టార్టప్‌లకు ఊతమిచ్చే టీ-హబ్ తలుపులు తెరవడంతో, అలాంటి చిన్న జట్లకు గచ్చిబౌలిలో ఒక చోటు దొరికింది. రూబీ బలం ఎక్కడుందో ఇలాంటి చోటే తెలుస్తుంది.

ఇటీవలి మార్పులూ ఆ దిక్కుకే వెళ్తున్నాయి. రూబీ నెమ్మదని పాత ఫిర్యాదు. షాపిఫై ఇంజనీర్లు రాసిన వైజిట్ అనే కంపైలర్ 2021 చివర్లో భాషలోనే చేరి ఆ ఫిర్యాదును చాలావరకు తగ్గించింది. 2024 నవంబర్‌లో వచ్చిన రెయిల్స్ 8 ఇంకో బరువు దించింది. వెనకాల నడిచే పనుల క్యూకీ, క్యాష్‌కీ విడిగా రెడిస్ సర్వర్ పెట్టుకునే అవసరం లేకుండా, మామూలు డేటాబేస్‌తోనే సరిపెట్టుకోవచ్చు. నెలనెలా సర్వర్ బిల్లు చూసి గుండె పట్టుకునే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకు ఇది నిజమైన మేలు.

తెలుగువాళ్లకు సంబంధించిన ముచ్చట వేరే ఉంది. ‘తెలుగు’ అన్న మాట పొడవెంతని పాత రూబీ 1.8ని అడిగితే 18 అనేది. అది బైట్ల లెక్క. 1.9 వచ్చాక 6 అంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము విడివిడిగా లెక్కపెట్టి చెప్పిన సంఖ్య అది. పలక మీద దిద్దిన పిల్లవాడు చెప్పే మూడు అక్షరాలు ఒకే మెథడ్‌తో నేరుగా రావాలంటే 2017 డిసెంబర్‌లో రూబీ 2.5 దాకా ఆగాల్సొచ్చింది. గుణింతాన్ని హల్లుతో కలిపి ఒకే అక్షరంగా చూసే గ్రాఫీమ్ క్లస్టర్స్ అనే మెథడ్ అందులో వచ్చింది. ఫారంలో పేరుకు ఇన్ని అక్షరాలే అని హద్దు పెట్టినప్పుడు తెలుగు పేర్లు మధ్యలో ఎందుకు తెగిపోతాయో దీంతో అర్థమవుతుంది.

ఇప్పటికీ రివర్స్ అనే మెథడ్‌కు ‘తెలుగు’ ఇస్తే ముందు ఒక ఒంటరి కొమ్ము, ఆ వెనక గు, లె, త వస్తాయి. ఎత్వం త మీంచి ల మీదికి పోతుంది. ముందు గ్రాఫీమ్ క్లస్టర్స్‌తో విడగొట్టి, తిప్పి, మళ్లీ కలిపితేనే ‘గులుతె’ అని సరిగ్గా వస్తుంది.