చెడిన డిస్కు: బాగుచేయుటయా, మార్చుటయా?

ఇంటి రేడియో మూగవోయినప్పుడు పూర్వము గృహస్థుడు పెద్దగా ఆలోచించెడివాడు కాడు. పెట్టెను గుడ్డలో చుట్టి, చంకనిడుకొని, బజారులోని మరమ్మతు దుకాణమునకు పోయెడివాడు. దుకాణదారుడు వెనుకపలక విప్పి, వెలుగని వాల్వును తీసి, క్రొత్తదానిని అమర్చి యిచ్చెడివాడు. సాయంకాలపు వార్తల వేళకు రేడియో మరల పలికెడిది. చెడిన వాల్వును మార్చుటయే పెట్టెను బాగుచేయుట. ఆ రెండు మాటలకును నడుమ తగవు లేదు.

నేడు అదే ఇంట కంప్యూటరులోని డిస్కు చెడినచో ఆ నిశ్చింత లేదు. ఒక దుకాణమున బాగుచేయవచ్చు నందురు. ప్రక్క దుకాణమున పారవేసి క్రొత్తది కొనుమందురు. విచిత్రమేమనగా, ఇద్దరును నిజమే చెప్పుచుందురు. ఒకటిగా నుండిన ప్రశ్న రెండుగా చీలినది. ఆ చీలిక ఎట్లు వచ్చినదో తెలిసికొన్నచో నిర్ణయము సులభమగును.

కొన్ని మాసముల క్రిందట ఈ చిక్కు మాకే వచ్చినది. ఎల్.బి. నగర్‌లోని మా ఇంటి కంప్యూటరు డిస్కులో ఇరువది యేండ్ల ఛాయాచిత్రములును, మా తల్లిగారు పాడిన పెండ్లిపాటలు, మంగళహారతులును ఉన్నవి. ఆమె యిప్పుడు లేరు. ఆ పాటలకు మరియొక నకలు లేదు. ధ్వనిని భద్రపరచుట వృత్తిగా గల మేము మా ఇంటి ధ్వనిని ఒక్కచోటనే యుంచితిమి. ఒకనాటి ఉదయము డిస్కు అప్పుడప్పుడు ఆగుచు, మరల తిరుగుచు, ఒక్కొక్క చిత్రమును తెరచుటకు నిమిషముల కాలము తీసికొనసాగినది.

ఎల్.బి. నగర్ నాలుగుదారుల కూడలి. విజయవాడనుండియు, నాగార్జునసాగరమునుండియు వచ్చు బాటలు నగరమున ప్రవేశించునది యిక్కడనే. 2018 సెప్టెంబరు 24న మెట్రో రైలు ఇచ్చటివరకు వచ్చినది. ఎక్కినచో మూడవ నిలయము దిల్‌సుఖ్‌నగర్. సాయిబాబా దేవాలయము, బస్సు డిపో, విద్యార్థుల వసతిగృహములు, మేడ మేడకును వ్రేలాడు శిక్షణాలయముల పలకలు, వీని నడుమ కంప్యూటరు మరమ్మతు దుకాణములు. నల్లగొండ మొదలైన జిల్లాలనుండి చదువునకు వచ్చిన పిల్లలు ఇచ్చటనే కంప్యూటరు నేర్చుకొందురు. చెడినచో ఇచ్చటనే చూపించుకొందురు.

మేము చూపిన డిస్కును చెవియొద్ద పెట్టుకొని విన్న యువకుడు ఒక్కటే ప్రశ్న వేసినాడు: "సార్, మీకు డిస్కు కావాల్నా, అందుల ఉన్నది కావాల్నా?"

ఆ ప్రశ్న వెనుక డెబ్బది యేండ్ల చరిత్ర యున్నది.

మొట్టమొదటి డిస్కు యంత్రమును అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ 1956లో వెలువరించినది. కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో రేనాల్డ్ జాన్సన్ నాయకత్వమున దానిని నిర్మించిరి. రెండడుగుల అడ్డుకొలత గల 50 లోహపు పళ్ళెములు ఒకదానిపై నొకటి నిలిచి, నిమిషమునకు 1200 సారులు తిరుగుచుండెడివి. రేడియో స్టూడియోలోని టేపుపై పాటను నిలిపెడి అయస్కాంత ధర్మమే ఈ పళ్ళెములపై అక్షరమును నిలిపినది. అంత పెద్ద యంత్రమంతయు దాచగలిగినది 50 లక్షల అక్షరములు. నేడు చేతి ఫోనుతో తీసిన రెండు మూడు చిత్రములు ఆ స్థలమును నింపివేయును.

ఆ యంత్రమును వాడుకదారులు సాధారణముగా కొనలేదు. నెలసరి అద్దెకు తీసికొనిరి. చెడినచో సంస్థవారి ఇంజనీరు వచ్చెడివాడు. చదువు శీర్షమును మార్చునో, చేతిని సరిచేయునో, అది వాని పని. బాగుచేయుటయా మార్చుటయా అని వాడుకదారు తల బ్రద్దలుకొట్టుకొనవలసిన అవసరము లేదు. 1962లో పళ్ళెముల కట్టను యంత్రమునుండి ఊడదీసి, బీరువాలో దాచుకొను వీలు వచ్చినది. యంత్రము చెడినను కట్ట భద్రము. వ్రాత వేరు, వ్రాయు యంత్రము వేరు అను భేదము అప్పుడు కంటికి కనబడునట్లు ఉండెను.

మన దేశమున ఈ కథ మరియొక మలుపు తిరిగినది. ఐ.బి.ఎం. సంస్థ ఇతర దేశములలో వాడి విడిచిన యంత్రములను బొంబాయిలో బాగుచేసి మనవారికి అద్దెకిచ్చుచుండెను. పాతవానిని బాగుచేసి మాకేల యిచ్చెదరు, క్రొత్తవి యేల యీయరు అని పెద్దలు ఆక్షేపించిరి. ఒక ఇంటి ప్రశ్న ఒక దేశపు ప్రశ్నయైనది. 1973లో వచ్చిన విదేశీమారక చట్టము విదేశ సంస్థలు తమ వాటాను తగ్గించుకొనవలెనని నిర్దేశించినది. ఐ.బి.ఎం. దానికి సమ్మతింపక 1978లో దేశమును విడిచినది. యంత్రములు మాత్రము కార్యాలయములలో నిలిచిపోయినవి. వానిని నడుపువారెవరు?

ఆ పని 1975లో ప్రభుత్వము స్థాపించిన ఒక సంస్థకు సంక్రమించినది. దాని పేరే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. మరమ్మతునే పేరుగా ధరించిన ప్రభుత్వరంగ సంస్థ యది. తరువాత సి.ఎం.సి. అను పొడి అక్షరములతో ప్రసిద్ధమై, సికింద్రాబాదులో పరిశోధన కేంద్రమును నెలకొల్పుకొని, 2001లో టాటావారి చేతికి వచ్చి, 2015లో టి.సి.ఎస్. సంస్థలో లీనమైనది.

క్రొత్తవానిని చేయు మార్గమును గూడ హైదరాబాదే చూపినది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారు 1967లో ఎలెక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను ఇచ్చట ప్రారంభింపజేసిరి. పాత శ్రోతలకు ఇ.సి. టెలివిజన్ పెట్టె గుర్తుండియే యుండును. అది ఆ సంస్థదే. ఆ సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించినది. దిల్‌సుఖ్‌నగర్‌నుండి ఉత్తరముగా పోయినచో వచ్చెడి ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేర వెలసినదే. పాతదానిని నడిపించుకొను నేర్పు, క్రొత్తదానిని చేసికొను నేర్పు రెండును ఒక్క నగరమందే పెరిగినవి. ఈ రెండును విరోధులు కావని మన అనుభవము చెప్పుచున్నది.

ఇంతలో డిస్కుయొక్క స్వరూపము మారినది. 1973లో ఐ.బి.ఎం. ఇంజనీర్లు పళ్ళెములను, వానిని చదువు శీర్షములను కలిపి ఒకే పెట్టెలో మూసివేసిరి. ముప్పది, ముప్పది అను అంకెలు ఆ నమూనాకు వచ్చుటచేత, అదే అంకెలు గల తుపాకి పేర దానిని వించెస్టర్ అనిరి. మూయుటకు కారణమున్నది. శీర్షము పళ్ళెమును తాకదు. సన్నని గాలిపొరపై తేలుచుండును. పళ్ళెముపై నెంత తక్కువ ఎత్తున తేలినచో అంత చిన్న అక్షరమును వ్రాయగలదు. 1956లో ఆ ఎత్తు మిల్లీమీటరులో ఏబదవ వంతు. నేడు అది మిల్లీమీటరులో పదిలక్షల వంతులు కొన్ని మాత్రమే. సిగరెట్టు పొగలోని రేణువు దానికి కొండ. అందుచేత దుమ్ము చొరని గదిలో తప్ప ఆ పెట్టెను తెరువరాదు.

చీలిక వచ్చినది అచ్చటనే. దుమ్మునుండి రక్షించిన ఆ మూతయే బజారులోని మరమ్మతుదారుని స్క్రూడ్రైవరును గూడ వెలుపల నిలిపినది. వ్రాతయు యంత్రమును ఒకే పెట్టెలో పడినవి. ఒకటి చెడినచో రెండవదియు చిక్కుపడును.

1980లో అల్ షుగార్ట్ స్థాపించిన సంస్థ వ్యక్తిగత కంప్యూటరులకు సరిపడు డిస్కును తెచ్చినది. దానిలో పట్టునది 50 లక్షల అక్షరములే. కాని అల్మారాలవంటి పెట్టె ఇటుకంత అయినది. ఆపై పరిమాణము తగ్గుచు, పట్టు పెరుగుచు, వెల దిగుచు వచ్చినవి. అద్దె పోయి కొనుగోలు వచ్చినది. ఇంటికి వచ్చెడి ఇంజనీరు పోయి హామీపత్రము వచ్చినది. ఆ పత్రమును చదివి చూడుడు. డిస్కు చెడినచో తయారుదారులు మరియొక డిస్కు నిత్తురు. అందున్న వ్రాతకు తాము బాధ్యులము కామందురు. చీలిక అచ్చుపడి మన చేతికే వచ్చినది.

మార్చుట ఎల్లప్పుడు చౌక యనియు చెప్పరాదు. 2011లో థాయిలాండులో వరదలు వచ్చి అచ్చటి డిస్కు కర్మాగారములు మునిగినప్పుడు లోకమంతట డిస్కుల వెలలు హఠాత్తుగా పెరిగినవి. నేడు ఈ తిరుగుడు డిస్కులను చేయు సంస్థలు మూడే మిగిలినవి: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా.

ఈ చరిత్రనుండి గృహస్థులు గ్రహింపదగినది యేమి? మొదట, వ్రాతకు వేరొక నకలు ఉన్నదో లేదో చూచుకొనవలెను. ఉన్నచో విచారము లేదు. హామీ మిగిలియున్నచో తయారుదారులనుండి, లేనిచో బజారునుండి క్రొత్త డిస్కును తెచ్చుకొనుటయే వివేకము. ఒకసారి తడబడిన డిస్కును నమ్మి మరల వ్రాయుట చిల్లుపడిన పడవ నెక్కుట వంటిది.

నకలు లేనిచో వెంటనే విద్యుత్తును ఆపవలెను. ప్రతి ప్రయత్నమును గాయమును పెంచును. టకటకమని క్రమముగా కొట్టుకొను చప్పుడు వినబడినచో శీర్షము చెడినదని అనుమానింపవలెను. అది దుమ్ములేని గది గల పరిశోధనశాల పని. బల్లపై మూత విప్పుదునను వానికి ఈయరాదు. చప్పుడు లేక, చదువుట మాత్రమే మందగించినచో, నేర్పరియైనవాడు మూత విప్పకయే వ్రాతను మరియొక డిస్కున కెక్కింపగలడు. అడుగుభాగమున నుండు విద్యుత్పలక చెడినచో పాతకాలపు డిస్కులకు అదే నమూనా పలకను అమర్చిన చాలెడిది. ఇటీవలివానిలో ప్రతి పలకయందును ఆ డిస్కునకే చెందిన కొలతలు నిక్షిప్తమై యుండును గనుక వానిని గూడ మార్చవలసియుండును. డిస్కును శీతలయంత్రములో పెట్టినచో బాగగునను మాట మాత్రము నమ్మకుడు. లోపల చెమ్మపట్టి మిగిలిన ఆశయు పోవును. పళ్ళెములు లేని నూతన ఘన డిస్కులు మరియొక తీరువి. అవి చప్పుడు చేయకయే, తరచు ముందు సూచన లేకయే మౌనము వహించును.

కనుక నేడు డిస్కును బాగుచేయుట యనగా దానిని మరల పనికి పెట్టుట కాదు. వ్రాతను దాటించునంతవరకు దాని ఊపిరి నిలుపుట.

ఇది మనవారికి క్రొత్త విద్య కాదు. తాటాకు చెదపట్టినప్పుడు మన లేఖకులు ఆకును బాగుచేయుచు కూర్చుండలేదు. క్రొత్త ఆకుపై గ్రంథమును మరల వ్రాసిరి. పంతొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర కడపలోని తన బంగళాలో పండితులను చేర్చి, స్వంత ధనము వెచ్చించి, శిథిలమగుచున్న వ్రాతప్రతులను పోల్చి చూపించి, కాగితములపై శుద్ధప్రతులను వ్రాయించెను. ఆకులు పోయినవి; అక్షరములు మిగిలినవి.

మా కథ ముగింపు చెప్పవలసియున్నది. ఆ యువకుడు మూత విప్పలేదు. రెండు రాత్రులు మా డిస్కును మెల్లగా చదివించి, చదువబడని చోట్లను దాటించి, మరల వెనుకకు తిరిగివచ్చి, దొరికినంత దొరికినట్లు క్రొత్తదాని కెక్కించినాడు. ఛాయాచిత్రములు దాదాపన్నియు వచ్చినవి. పాటలలో ఒక్క మంగళహారతి సగములో ఆగిపోయినది. మిగిలిన సగము ఎంత వెదకినను దొరకలేదు. ఆ పాట మాకు కంఠస్థమే. కాని ఆ కంఠము వేరు.

పాత డిస్కును చెత్తబుట్టలో పడవేయలేదు. చెడిన డిస్కునుండియు ఇతరులు మన పత్రములను చదువగలరు గనుక పళ్ళెములను మొదట పనికిరాకుండ చేయించితిమి. ఇట్టి వస్తువులను గుర్తింపు పొందిన సేకరణదారులకే అప్పగించుట మంచిది. 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న విద్యుత్ వ్యర్థముల నిబంధనల ఉద్దేశమును అదియే.

నేడు ఆ పాటలు మూడు చోట్ల నున్నవి: ఇంటి కంప్యూటరులో ఒకటి, బీరువాలోని విడి డిస్కులో ఒకటి, పొరుగూరనున్న మా చెల్లెలి ఇంట ఒకటి. శ్రోతలారా, మీ ఇంటి డిస్కు ఈ రాత్రి బాగుగనే తిరుగుచుండవచ్చును. బాగుచేయుటయా మార్చుటయా అను ప్రశ్నకు అన్నిటికంటె చౌకయైన సమాధానము, అది తిరుగుచుండగనే ఒక నకలు తీసియుంచుట.