ముక్కు తూము, నోరు గండి
(కృష్ణాతీరమున నాసికాశ్వాస చరిత్ర)



కృష్ణా డెల్టాలో సేద్యము చేయువారికి నీటి నడకను గూర్చి ఒకరు చెప్పనక్కరలేదు. ఏటినీరు నేరుగా చేనిలోనికి రాదు. 1852లో ఆరంభింపబడి 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట చేసిన పనియు, 1957 నాటికి దాని స్థానమున లేచిన ప్రకాశము బారేజి చేయుచున్న పనియు నొక్కటియే: నీటిని నిలిపి, మేటను తొలగించి, తూముల తలుపుల మీదుగా కావలసినంత నీటిని కావలసిన వేళకు కాలువలకు విడుచుట. గట్టు తెగి గండిగుండ వచ్చినదియు నీరే. కాని యది పైరును పెంచుటకు మారుగా ముంచును. మన దేహమునకు గాలియు నించుమించుగా నట్టిదే. ముక్కు తూము, నోరు గండి. పరుగెత్తునపుడు, బరువు మోయునపుడు నోటితో నూపిరి పీల్చుట సహజమే. అది నిత్యపు దారియైనపుడే చిక్కు వచ్చును.

ఈ సంగతిని మొదట గమనించినవారు వైద్యులు కారు, సాధకులు. మన డెల్టా చరిత్రయందే దీనికి దగ్గఱి యాధారములు గలవు. భట్టిప్రోలు, ఘంటసాల, అమరావతి స్తూపములు మన ప్రాంతమున బౌద్ధము వర్ధిల్లిన కాలమునకు సాక్షులు. ఆ మతమునందలి ధ్యానపద్ధతులలో ఆనాపానస్మృతి ముఖ్యమైనది. లోనికి బోవు ఊపిరిని, వెలికి వచ్చు ఊపిరిని ఎఱుకతో గమనించుటయే దాని సారము. క్రీస్తు తరువాత 5వ శతాబ్దమున సింహళమునందలి అనురాధపురములో బుద్ధఘోషుడు రచించిన విశుద్ధిమార్గము, మనస్సును నాసికాగ్రమున గాని పైపెదవిపై గాని, ఊపిరి తాకుచోట నిలుపవలెనని చెప్పును. అందు నగరద్వారపాలకుని యుపమానము గలదు. ఊరిలోపలనున్న వారిని, ఊరికి దూరముగ నున్న వారిని అతడు విచారింపడు. ద్వారముకడకు వచ్చినవానినే చూచును. సాధకుడును ఊపిరిని దాని ద్వారమునొద్దనే కనిపెట్టవలెను. మన కాలువలపై లస్కరు చేయు పనియు నిదియే గదా! వారి లక్ష్యము చిత్తశాంతియే గాని ఆరోగ్యము కాదు. అయినను ఊపిరికి ద్వారము ముక్కేయని వారు సందేహము లేక యెఱిగియుండిరి.

వైదికాచారమున సంధ్యావందనమందు ప్రాణాయామము భాగము. కృష్ణ రేవులలో ముక్కు పట్టుకొని కూర్చుండిన పెద్దలను మనమందఱము చూచినవారమే. వ్రేలు ముక్కును తాకి, ఊపిరి మాత్రము కదలక, క్రియ పేరునకు ముగియుటయు గలదు. అది వేఱు మాట. 15వ శతాబ్దమునాటిదని పండితులు తలచు హఠయోగప్రదీపిక ఈ విద్యను వివరముగ దెలుపును. ఎడమ నాసాపుటముతో పూరించి కుడిదానితో విడుచుట, మరల కుడిదానితో పూరించి ఎడమదానితో విడుచుట దానిలోని మూలక్రమము. శీతలి, సీత్కారి యను రెండింట మాత్రము గాలిని నోటితో గ్రహింపవలెనని చెప్పి, వాని యందును విడుచుట ముక్కుతోనే యని నియమించినది. నోటిని వాడవలసిన తావును గుర్తించి, దానికి హద్దు పెట్టిన ఆ వివేకము గమనింపదగినది.

స్వరశాస్త్రమును నమ్మువారు ప్రయాణమునకు ముందు ఏ ముక్కున గాలి యాడుచున్నదో చూచుకొందురు. రెండున్నర గడియల కొకసారి స్వరము మాఱునని ఆ శాస్త్రము చెప్పును. 1895లో కైజరు అను జర్మను వైద్యుడు ముక్కు రెండు ప్రక్కలను వంతులవారీగా బిగియుటయు సడలుటయు గలదని వ్రాసెను. లోపలి పొర ఒకవైపున రక్తముతో నుబ్బును, వేఱొకవైపున తగ్గును; కొంత కాలమునకు ఆ వరుస మాఱును. మన పూర్వుల పరిశీలన సత్యమే. అయితే ఆ కాలపరిమితి అందఱికి నొక్కటి కాదు. కొందఱిలో ఈ మార్పు స్పష్టముగ నుండదు కూడ. దానివలన కార్యసిద్ధి తెలియునను మాటకు శాస్త్రప్రమాణము లేదు. చూచిన దానిని నిలుపుకొని, ఊహించిన దానిని విడుచుట చరిత్ర చదువువారికి తగిన పని.

పాశ్చాత్యదేశములలో ఈ విషయమును జనులలో చాటినవాడు జార్జి కాట్లిను అను అమెరికా చిత్రకారుడు. అతడు 1830 తరువాత అచటి ఆదిమజాతుల నడుమ సంచరించి, తల్లులు నిద్రించు శిశువుల పెదవులను మెల్లగా మూయుట చూచితినని 1862 ప్రాంతమున నొక చిన్న పొత్తము వెలువరించెను. ఆ జాతుల బలమునకెల్ల నిదియే మూలమన్నంతగా వాదించుట అతిశయోక్తియే. అంతకంటె విలువైన పని 1868లో జరిగినది. కోపెన్‌హాగన్ నగరపు వైద్యుడు విల్హెల్ము మేయరు, ముక్కు వెనుక, అంగిటికి పైన, మెత్తని కండ పెరిగి శ్వాసమార్గమును మూయుటను వర్ణించెను. దానినే నేడు అడినాయిడ్లందురు. అట్టి పిల్లలు నోరు తెఱచియుందురు; వినికిడి తగ్గును; మాట మొద్దుబాఱును. చూపఱులకు వారు మందమతులవలె దోతురు. లోపము బుద్ధిలో లేదు, ద్వారములో నున్నది.

ముక్కు చేయు పనియేమి? వెండ్రుకలును జిగటపొరయు ధూళిని పట్టును. చుట్టలుచుట్టినట్లున్న లోపలి మడతలు చలిగాలిని వెచ్చబఱచును, పొడిగాలిని తడుపును. వీనికి తోడుగా 1995లో స్వీడను దేశపు కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు క్రొత్త సంగతి ప్రకటించిరి. ముక్కు చుట్టునున్న ఎముకల గూళ్లలో నైట్రిక్ ఆక్సైడు అను వాయువు మెండుగా పుట్టుచున్నది. ఇది రక్తనాళములను సడలించును. ఆ గుణమును కనుగొన్న మువ్వురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెలు బహుమానము లభించినది. ముక్కుతో పీల్చిన గాలి ఈ వాయువును కొంత ఊపిరితిత్తులకు గొనిపోవును. నోటితో పీల్చిన గాలికి ఆ తోడు దక్కదు. నోరు మూసి ఝుంకారము చేసినపుడు, ముక్కునుండి వెడలు గాలిలో ఈ వాయువు మామూలుకంటె సుమారు 15 రెట్లు హెచ్చునని 2002లో అదే సంస్థవారు తెలిపిరి. భ్రామరీ ప్రాణాయామము చేయువారికి ఇది సంతోషకరమైన వార్తయే.

అంతమాత్రమున ముక్కుతో నూపిరి పీల్చుట సర్వరోగనివారిణి యని తలపరాదు. ఉబ్బసమునకు, క్షయకు, గుండెజబ్బునకు వైద్యుడిచ్చిన మందు మానరాదు. నిద్రవేళ నోటికి పట్టీ యంటించుకొను నొక వేడుక యీ నడుమ బయలుదేఱినది. ముక్కు మూసికొనిపోయినవారికి, నిద్రలో శ్వాస తెగి తెగి వచ్చువారికి అది యపాయకరము. తూము పూడియుండగా గండిని మూసినచో నీరెటు పోవును? ముందు తూమును బాగుచేయవలెను.

కావున ఇంటి పెద్దలు చేయదగిన పనులు కొన్ని గలవు. నూర్పిళ్లనాడు, ఊక యెగురు మిల్లులయొద్ద, ముక్కును నోటిని గుడ్డతో కప్పుకొనుడు. ముక్కు చాలవఱకు వడగట్టును గాని, మితిమీరిన ధూళిని అదియు నాపజాలదు. పడిశము లేకయే బిడ్డ నిత్యము నోరు తెఱచి నిద్రించుచు, గురక పెట్టుచు, పగలు మగతగా నుండినను, పిలిచిన పలుకకున్నను, వానిని సోమరి యని తిట్టకుడు, బడి మాన్పింపకుడు. చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపుడు. గుంటూరు వైద్యకళాశాల 1946లోను, విజయవాడలోని సిద్ధార్థ వైద్యకళాశాల 1980లోను వెలసినవి. మన తాతలకు లేని సౌకర్యము మనకు గలదు. గురక నడుమ ఊపిరి ఆగి యులికిపడు పెద్దవారును ఆలసింపరాదు.

పంటకాలువకు పూడిక తీయుటకు ఊరంతయు కదలును. ఒక బిడ్డ ముక్కు పూడియున్నచో ఇంటివారైనను కదలరా? నోరు మంచిదైన ఊరు మంచిదని మనవారి సామెత. ఊపిరి విషయమున ముక్కు మంచిదైనచో నోటికి విశ్రాంతి. బిడ్డకు నిద్ర, వినికిడి, చదువు.